ఒడ్డు మీంచి గాలి

పోయిన వారం మనం చిట్టిని గెస్ట్‌హౌస్ మూడో అంతస్తు గదిలో, మంచం అంచున, మొగుడి ఫోను చేతిలో పట్టుకుని ఉండగా వదిలిపెట్టాం. ఆ ఫోను కోసమే ఆమె లేని తలనొప్పి తెచ్చిపెట్టుకుంది. రెండు నెలలుగా మొగుడూ ఆడపడుచూ చాటున గుసగుసలాడుకోవడం, తను గదిలోకి రాగానే కూరల ధరల్లోకి దిగిపోవడం చూసి చూసి, దీని వెనక ఇంకో ఆడమనిషి ఉందని ఖాయం చేసుకుంది. వానలు వెళ్ళిపోయాయి, చలి ఇంకా రాలేదు, నాలుగు రోజులు సముద్రం పక్కన హాయిగా తిరిగొద్దామని ఆయనే అందరినీ ఈ ఊరు తీసుకొస్తే, అది కూడా తప్పు చేసినవాడు పెట్టే తాయిలమే అనుకుంది. ఈ పొద్దున పదమూడేళ్ళ కూతురు పాపతో పడవ షికారుకు వెళ్ళాల్సింది తను. "తల పగిలిపోతోంది, మీరే వెళ్ళండి" అని మొగుణ్ణి పంపించింది. నీళ్ళలో తడుస్తుందని ఆయన ఫోను బల్ల మీద పెట్టి వెళ్ళాడు. అది తెరవబోయేలోపే మోగింది. అవతల, ఆయన డ్రైవరుగా పనిచేసే బస్సు డిపో గుమాస్తా.

"వదినగారా? అన్నయ్యకి చెప్పండి, మెడికల్ బోర్డు పదిహేనో తారీఖుకి మారింది. మళ్ళీ ఏమన్నా కళ్ళు తిరిగి పడ్డాడా? స్టీరింగు దగ్గరికి రానివ్వక రెండు నెలలైంది కదండీ, మనిషి బాగా దిగులుపడిపోయాడు."

ఫోను పెట్టేశాక చిట్టికి మొదట కలిగింది భయం కాదు. చెప్పుకోవడానికి సిగ్గుపడాలి గానీ, హాయి. ఇంకో ఆడది లేదు. ఎప్పుడూ లేదు. రెండు నెలలుగా గుండెల మీద కూర్చున్న బండ ఒక్కసారిగా లేచిపోయినట్టయింది.

ఆ హాయి గుటక వేసేంతసేపు కూడా నిలవలేదు. కళ్ళు తిరిగి పడే మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడు? సముద్రం మీద. ఎవరితో? పాపతో. పంపించింది ఎవరు?

గోడ గడియారం పదీ పది చూపిస్తోంది. వాళ్ళు బయలుదేరి నలభై నిమిషాలు.

చెప్పుల్లో ఒకటి తనది, ఒకటి మొగుడిది వేసుకుని మెట్లు దిగింది. వరండా కటకటాల నిండా ఎవరెవరివో తడి బట్టలు ఆరేసి ఉన్నాయి. మెట్ల మీద ఇసుక కరకరలాడింది. కింద ముసలాయన ఒకడు కుర్చీ ఎండలోకి లాక్కుంటూ, "ఎంత బావుందమ్మా ఇవాళ! ఏడాదికి ఇలాంటి రోజులు పదో పన్నెండో వస్తాయి" అన్నాడు. చిట్టి వినిపించుకోలేదు. నిజానికి ఆయనన్నది నిజమే. ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. ఎండ ఒంటికి తగులుతోంది గానీ కాల్చడం లేదు. సముద్రం దాకా పల్లంగా దిగిన ఆ వీధి పొడుగునా జనం టోపీలు పెట్టుకుని, అద్దె సైకిళ్ళు తోసుకుంటూ, కొండ అంచు దారికి నడకకు బయలుదేరుతూ, ఇంత మంచి వాతావరణం తామే తయారుచేసుకున్నట్టు మురిసిపోతున్నారు. వాళ్ళను తప్పించుకుంటూ, ఒక పెద్ద చెప్పు టపటపలాడించుకుంటూ నలభై రెండేళ్ళ ఇల్లాలు పరుగెత్తుతుంటే తిరిగి చూడనివాడు లేడు.

పరుగెత్తుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చి తగులుతోంది. మొన్న కొండ అంచు నడకకు వెళ్దామంటే ఆయన రానన్నాడు. "పిట్టగోడ కూడా లేదక్కడ, మీరెళ్ళిరండి" అన్నాడు. నిన్న సైకిళ్ళు తీసుకుందామని పాప గునిస్తే, మోకాలు నొప్పి అన్నాడు. రాత్రి భోజనాల దగ్గర చిట్టి ఊరుకోలేకపోయింది. "అరవై మందిని ఎక్కించుకుని బస్సు నడిపే మనిషికి రెండు చక్రాల సైకిలంటే భయమా? ఈ మధ్య మీకు అన్నీ భయాలే" అంది. పాప పకపకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. ఆడపడుచు మాత్రం కంచంలోకి చూస్తూ కూర్చుంది.

పొద్దున తను తలనొప్పి అనగానే ఆయన మొహం ఎలా మారింది? చిట్టి చూడలేదు. దిండులో మొహం దాచుకుని దొంగమూలుగు మూలుగుతోంది కదా, ఎలా చూస్తుంది?

పడవల షెడ్డు రేవు పక్కన ఉంది. ముందు ఇనప చట్రాల మీద ప్లాస్టిక్ తెడ్డు పడవలు, తాళ్ళకు వేలాడే నారింజరంగు లైఫ్ జాకెట్లు, గాలీ పోటూ సుద్దముక్కతో రాసే నల్లబోర్డు. అక్కడినుంచి నీళ్ళలోకి సిమెంటు మెట్లు దిగుతాయి. పై మెట్టు మీద ఆడపడుచు, పక్కన ఫ్లాస్కు పెట్టుకుని, తువ్వాళ్ళు మడతపెడుతూ కూర్చుని ఉంది. పెద్దాసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా నర్సు. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. పెళ్ళి మాటెత్తితే, "ఒకణ్ణి పెంచాను, చాల్లే" అని నవ్వే మనిషి. పదిహేనేళ్ళ కాపురంలో చిట్టి ఆవిణ్ణి ఏకవచనంతో పిలిచి ఎరగదు.

"అదేమిటి చిట్టీ, తలనొప్పి తగ్గిందా?"

"తలనొప్పి లేదు. ఆయనకి కళ్ళు తిరగడం ఎప్పట్నించి?"

తువ్వాలు మడత సగంలో ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

"ఎవరంటే ఏం? అబద్ధమా?"

ఆడపడుచు సముద్రం వైపు చూసింది. ఆ చూపులోనే జవాబంతా ఉంది. "ముందు కూర్చో" అంది.

"కూర్చోను. చెప్పు."

'నువ్వు' అనేసిన సంగతి ఇద్దరికీ తెలిసింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"మూడుసార్లు" అంది ఆడపడుచు, ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పే గొంతుతో. "మొదటిసారి బస్సులోనే. స్టాపులో బండి ఆపి ఉంది, జనం ఎక్కుతున్నారు. తల స్టీరింగు మీద వాలిపోయింది. ఐదారు సెకన్లు. ఎవరో ఆవిడ కేకేస్తే లేచాడు. అదృష్టం, బండి కదల్లేదు. వాడు అక్కడే దిగిపోయి డిపోకి ఫోను చేసి, నేనిక నడపను, ఇంకొకర్ని పంపండి అని చెప్పేశాడు. ఎవరూ అడగలేదు, తనే చెప్పాడు. డిపోలో దాచలేదు, డాక్టరు దగ్గర దాచలేదు. దాచింది నీ ఒక్కదాని దగ్గరే."

"నా దగ్గరే ఎందుకు?"

"నువ్వే అడుగు వాణ్ణి."

"ఆయన ఇక్కడ లేడు కదా! నిన్నే అడుగుతున్నా."

"నీ కంటికి తక్కువైపోతానని. ఇంకేముంటుంది? బస్సు లేకపోతే నేనెవర్నక్కా అని నా వంటింట్లో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బోర్డు తేల్చేదాకా డిపోలో పోయిన వస్తువుల గదిలో వేశారు. పొద్దున్నే ఖాకీ బట్టలు వేసుకుని వెళ్ళి, జనం మర్చిపోయిన గొడుగులకీ సంచులకీ చీటీలు కట్టి, సాయంత్రం ఇంటికొస్తున్నాడు."

చిట్టికి ఉతికే బట్టలు గుర్తొచ్చాయి. రెండు నెలలుగా ఆ చొక్కాలకు డీజిల్ వాసన లేదు. ఎవరింట్లోనో స్నానం చేసి వస్తున్నాడనుకుంది. చొక్కా కాలరు ముక్కు దగ్గర పెట్టుకుని, లేని సెంటు వాసన వెతికింది.

"డాక్టరు ఏమన్నాడు?"

ఆడపడుచు ఫ్లాస్కు మూత బిగించింది.

"వదినా, డాక్టరు ఏమన్నాడు?"

"పరీక్షలన్నీ అయ్యేదాకా బండి నడపొద్దన్నాడు. ఎత్తులెక్కొద్దన్నాడు." తువ్వాలు ఒళ్ళోకి లాక్కుంది. "నీళ్ళలోకి దిగొద్దన్నాడు."

చిట్టి ఆవిడకు ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇవన్నీ తెలిసి పాపని ఎక్కించి పంపావా? నర్సువి కదా నువ్వు!"

"అడ్డం పడ్డానే! చొక్కా పట్టుకుని లాగాను. పాప అప్పటికే పడవలో కూర్చుని, నాన్నా రా రా అని గోల. పదహారేళ్ళ లోపు పిల్లల్ని ఒంటరిగా పంపరట, పక్కన పెద్దవాళ్ళు ఉండాలట. వీడు నా చెయ్యి విదిలించుకున్నాడు. ఇప్పుడు కూడా రానంటే ఇంటికెళ్ళాక చిట్టికేం చెప్పను అక్కా, ఒడ్డు పట్టుకునే తిప్పి తెస్తాను అన్నాడు. నోరు విప్పనని నాచేత ఒట్టు వేయించుకున్నాడు అప్పుడెప్పుడో. నర్సుని తర్వాత, చిట్టీ. ముందు వాడికి అక్కని."

"మరి దానికి మేనత్తవి ఎప్పుడు?"

చెంప మీద కొట్టినా ఆవిడ అంతగా వెనక్కి వాలేది కాదు. తువ్వాలు ఒళ్ళోంచి జారి మెట్ల మీద పడింది. ఇద్దరూ వంగకముందే అది లేచి, మెట్లు దొర్లి, నీళ్ళ మీద పడి, సముద్రం వైపే సాగిపోయింది.

అప్పుడు చూసింది చిట్టి. పొద్దున కిటికీలోంచి చూసినప్పుడు రేవు మీది జెండాలు చచ్చిన చేపల్లా వేలాడుతున్నాయి. ఇప్పుడు అన్నీ ఒకే దిక్కుకు, నీళ్ళ వైపుకు, బిగుసుకుని కొట్టుకుంటున్నాయి. తన వీపును కూడా ఎవరో అరచేత్తో నెడుతున్నట్టుంది. ఇంత దూరం అంత తేలిగ్గా ఎలా పరుగెత్తుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

"నా తలనొప్పి అబద్ధం" అంది చిట్టి హఠాత్తుగా. "ఆయన ఫోను చూద్దామని ఉండిపోయాను. ఎవరో ఉందనుకున్నాను. మీరిద్దరూ కలిసి దాస్తున్నారనుకున్నాను."

ఆడపడుచు ఆమె వంక చూసింది. కోపం రావాల్సిన మాట అది. రాలేదు. "నువ్వొక అబద్ధం, వాడొక అబద్ధం, నేనొక అబద్ధం" అంది. "మొత్తానికి ముగ్గురం కలిసి పిల్లని పడవెక్కించాం. లే, కెప్టెనమ్మని అడుగుదాం."

పడవలు అద్దెకిచ్చే యాభై ఏళ్ళ మనిషిని ఊరంతా కెప్టెనమ్మ అంటారు. ఎండకు తోలులా ముదిరిన మొహం, మెడలో బైనాక్యులర్, నడుముకు వాకీటాకీ. నల్లబోర్డు మీది పొద్దుటి గాలి అంకెను మోచేత్తో చెరిపేసి కొత్త అంకె వేస్తోంది. చిట్టి చెప్పింది సగం వినేసరికే సుద్దముక్క కింద పడేసింది.

"కళ్ళు తిరిగి పడతాడా? నాకు రాసిచ్చింది అలా లేదే!"

షెడ్డులోకి వెళ్ళి, అట్టకు బిగించిన ఫారాల కట్ట తెచ్చి, పైనున్నవి తిరగేసి ఒకటి చూపించింది. మొగుడి చేతిరాత. కూరల చీటీ కూడా ముత్యాల్లా రాసే చెయ్యి. స్పృహ తప్పడం, మూర్ఛ, గుండె జబ్బు వంటివి ఏమైనా ఉన్నాయా అన్నచోట, 'లేవు.' తడబాటు లేదు, కొట్టివేత లేదు. దాని కింద, ఏదైనా జరిగితే ఎవరికి తెలపాలి అన్నచోట ఆడపడుచు ఫోను నంబరు, పక్కన చిన్న అక్షరాలతో 'అక్క, నర్సు' అని ఉంది.

అంటే తెలిసే ఎక్కాడు. జరగొచ్చని తెలుసు, జరిగితే నర్సు కావాలని తెలుసు, అన్నీ తెలిసి పెళ్ళాం నోటికి జడిసి ఎక్కాడు. చిట్టి ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది. లేకపోతే గాలి అది కూడా పట్టుకుపోయేలా ఉంది.

"గాలి తిరిగింది" అంది కెప్టెనమ్మ, వాకీటాకీ తీస్తూ. "ఒడ్డు మీంచి వీస్తోంది. ఇక్కణ్ణించి చూస్తే సముద్రం చెరువులా కనపడుతుంది. అదే దీని మాయ. కాస్త లోపలికి పోతే తెలుస్తుంది దాని సంగతి. తేలిక పడవల్ని అలా తోసుకుంటూ పోతూనే ఉంటుంది." మీట నొక్కి, "ఎక్కడున్నారు?" అని కేకేసింది.

గరగరలోంచి, పడవల గుంపు వెంట వెళ్ళిన గైడు గొంతు వచ్చింది. "పక్షుల దిబ్బ చాటున ఆగామమ్మా, గాలి తగ్గాక వస్తాం. అందరూ బాగానే ఉన్నారు. ఐదు పడవలు."

"ఐదేమిటి? నేను పంపింది ఆరు."

"పసుపుది, రెండు సీట్లది, వెనక్కి పంపించేశాను కదమ్మా. ఆయనకి ఒంట్లో బాగాలేదన్నాడు, తిరిగెళ్ళిపోతాం అన్నాడు. అప్పటికింకా గాలి లేదు. ఇరవై ఐదు నిమిషాలైంది." గొంతు సన్నబడింది. "రాలేదా?"

కెప్టెనమ్మ గైడును తిట్టిన తిట్టు ఇక్కడ రాసేది కాదు. సముద్రంలో రాళ్ళగుట్టలా లేచిన ఆ దిబ్బ నుంచి రేవుకు తాపీగా తెడ్డేసినా పదిహేను నిమిషాలు. ఆవిడ బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకసారి తిప్పి, దించేసింది. ఇక పడవలు వదలరన్న గుర్తుగా షెడ్డు పైన ఎర్రజెండా ఎగరేసి, మెట్ల పక్కన కట్టి ఉన్న రబ్బరు మోటారు పడవ వైపు నడిచింది.

"నేనూ వస్తాను" అంది చిట్టి. అప్పటికే ఒక లైఫ్ జాకెట్టు తాడు మీంచి లాగి చేతులు దూర్చేసింది.

"నలుగురికే చోటు. వచ్చేటప్పుడు ఇద్దరుంటారు. నాతో ఒక్కరే. ఈత ఎవరికొచ్చు?"

"నాకొచ్చు" అంది ఆడపడుచు.

చిట్టికి ఈత రాదు. మోకాలి లోతు నీళ్ళంటేనే దడ, పడవ షికారుకు ఒప్పుకున్నది కూడా పాప పోరు పడలేకే. అయినా ఆ పసుపు పడవలో మొగుడు ఉన్నాడు, కన్నకూతురు ఉంది. ఆడపడుచు అడగలేదు, బతిమాలలేదు, నేనెళ్తానని ఒక్కమాట అనలేదు. చేతులు వేలాడేసుకుని నిలబడింది. ఇందాక తను విసిరిన మాట ఇంకా ఆ మొహం మీదే ఉంది.

చిట్టి ఆ లైఫ్ జాకెట్టు విప్పింది. ఆవిడకు తొడిగింది. బకిళ్ళు ఒక్కొక్కటే, పాపకు చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు చొక్కా గుండీలు పెట్టినట్టు, తనే బిగించింది.

"ఇద్దర్నీ తీసుకురా. ఆ తర్వాత చెప్తాను అక్కా తమ్ముళ్ళ సంగతి."

ఆడపడుచు ఆమె చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది.

కెప్టెనమ్మ మెడలోంచి బైనాక్యులర్ తీసి చిట్టి మెడలో వేసింది. షెడ్డులోంచి ఇంకో వాకీటాకీ తెచ్చి చేతిలో పెట్టింది. "పక్కన ఇనప మెట్లున్నాయి, కప్పు మీదికెక్కు. నేను నీళ్ళ మీద ఉంటే నాలుగు అలల అవతల ఏముందో కనపడదు, ఎండ కూడా ఎదురు. నువ్వు చూసి చెప్పాలి, నేను వెళ్ళాలి. ఈ మీట నొక్కితేనే నీ మాట మాకు వినపడుతుంది. ఏడవకు. ఏడిస్తే అద్దం మసకేస్తుంది."

మోటారు దడదడలాడింది. పడవ ముక్కెత్తి రేవు దాటింది.

రేకుల కప్పు మీద గాలి ఇంకా ఎక్కువగా ఉంది. చిట్టి మోకాళ్ళ మీద కూర్చుని అద్దాలు కళ్ళకు ఆనించింది. మొదట అంతా అలికేసినట్టుంది. ఆమె కళ్ళద్దాల షాపులో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. రోజుకు ముప్ఫై మంది ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి పెట్టే చేతులు. వాటికి అలవాటైన పని కాబట్టి తడుముకోకుండా అద్దాల మధ్య చక్రం తిప్పాయి. సముద్రం ఒక్కసారిగా గీతలు గీతలుగా, చురుగ్గా, దగ్గరికి వచ్చేసింది.

దూరాన నిజంగానే అది చెరువు కాదు. అలల నెత్తిన తెల్లటి నురగలు లేచి లేచి పడుతున్నాయి. నారింజరంగుది ఒకటి కనపడి ప్రాణం లేచివచ్చింది. అది వల తేలడానికి కట్టిన ప్లాస్టిక్ బుంగ. ఇంకోటి కనపడింది. అదీ బుంగే. పక్షులు. ఎండ తళుకు. మళ్ళీ పక్షులు. మోటారు పడవ నల్లటి చుక్కై ఎటు పోవాలో తెలియక తచ్చాడుతోంది.

"ఏమన్నా కనపడిందా?" ఆడపడుచు గొంతు.

"లేదు. ఉండు. లేదు."

దిబ్బకు కుడివైపు, తను అనుకున్నదానికంటే ఎంతో లోపల, పసుపు గీత ఒకటి అల మీదికి లేచి మాయమైంది. మళ్ళీ లేచింది. ముందు సీట్లో ఒక మనిషి. చిన్న మనిషి. రెండు చేతులా తెడ్డు వేస్తోంది.

"పాప! పాప కనపడింది! దిబ్బకి కుడిపక్క, బాగా లోపల. నేరుగా వెళ్ళండి. ఇంకా కుడికి. అదీ, అలాగే, అలాగే!"

పడవ తిరిగి నేరుగా దూసుకుపోయింది. చిట్టి కళ్ళు పాప మీంచి కదల్లేదు. ఏం మొండిఘటం! పాలు తాగమంటే గ్లాసు పట్టుకుని గంటసేపు కూర్చునే పిల్ల, ఎలా వేస్తోంది తెడ్డు! కానీ పిల్ల ఒడ్డు వైపే వేస్తున్నా పడవ మాత్రం వెనక్కే పోతోంది. వేసే ఒక్కో తెడ్డుకూ రెండు బారల దూరం గాలి లాగేసుకుంటోంది. పాప నోరు తెరిచి ఏదో అరుస్తోంది. వినపడదు. ఎవరిని పిలుస్తోంది? మోటారు పడవనా? కాదు. దాని వైపు చూడటంలేదు. అంతకంటే ఇటువైపు, నీళ్ళలోకి చూస్తోంది.

వెనక సీటు ఖాళీగా ఉంది.

చిట్టి బైనాక్యులర్‌ను పాప చూపు వెంట మెల్లగా ఇటువైపు తెచ్చింది. నురగ. నురగ. నారింజరంగు. ఈసారి బుంగ కాదు. దానికి తల ఉంది. జాకెట్టు కాలరు మీద వెనక్కి వాలిన తల, ఆకాశం వైపు మొహం. చేతులు అల ఎటు తోస్తే అటు ఊగుతున్నాయి. వాటంతట అవి కదలడం లేదు. తేలిక పడవను గాలి ఎత్తుకుపోయింది. మనిషిని అక్కడే వదిలేసింది. మోటారు పడవ ఆయన పక్కనుంచే, నూరు గజాల ఎడంగా, చూడకుండా దాటిపోయింది. దాన్ని నేరుగా, నేరుగా అని తోలింది తనే.

మీట మీద బొటనవేలు ఆగింది.

ఇంకో రెండు నిమిషాల్లో వాళ్ళు పాపను అందుకుంటారు. ఒక్కమాట అంటే పడవ వెనక్కి తిరుగుతుంది, పిల్ల ఇంకా లోపలికి పోతుంది. ఆ మాట అనకపోతే? చిట్టి ఊపిరి తీసుకుంది. ఆ ఒక్క ఊపిరిలో ఎన్ని ఆలోచనలు పట్టాయో ఆమెకే తెలియదు. పిల్ల పడవలో ఉంది. తెడ్డు ఉంది. కళ్ళు తెరిచే ఉంది. ఆయన నీళ్ళలో ఉన్నాడు.

"వెనక్కి" అంది. గొంతు ఆశ్చర్యంగా నిలకడగా వచ్చింది. "మీరు ఆయన్ని దాటేశారు. నీళ్ళలో పడి ఉన్నారు. వెనక్కి తిరిగి ఎడమచేతి వైపు రండి."

"పిల్ల దగ్గరికి వచ్చేశాం" అంది కెప్టెనమ్మ. "ముందు ఎవరు? త్వరగా చెప్పు."

"ఆయన. పాప పడవలోనే ఉంది. ముందు ఆయన దగ్గరికి వెళ్ళండి."

మోటారు పడవ నీళ్ళ మీద తెల్లటి వంపు గీసి వెనక్కి తిరిగింది. చిట్టి దానికి ఎడమ, ఇంకా ఎడమ, ఇప్పుడు నేరుగా, మెల్లగా, అని దారి చెబుతూనే ఉంది. అలల మధ్య నల్లచుక్కా నారింజచుక్కా కలిశాయి. ఎవరో వంగారు. ఎవరో లాగారు. ఒకసారి జారిపోయింది. మళ్ళీ లాగారు. రబ్బరు అంచు మీద ఒక బరువైన ఆకారం బోర్లా పడి లోపలికి దొర్లింది. ఆ తర్వాత చాలాసేపు వాకీటాకీలో గాలి చప్పుడే వినపడింది. నిజానికి ఎంతసేపో కాదేమో. చిట్టికి మాత్రం తన పదిహేనేళ్ళ కాపురం అంతసేపు అనిపించింది.

"చిట్టీ!" ఆడపడుచు ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ కలిసిపోయి మాట ముద్దవుతోంది. "ఊపిరాడుతోందే! నాడి ఉంది! కక్కుతున్నాడు, నీళ్ళు కక్కుతున్నాడు! కళ్ళు తెరిచాడు! ఒరేయ్, ఇటు చూడరా, నేనెవర్నిరా?"

చిట్టి కళ్ళు మూసుకుంది. ఏడవొద్దని చెప్పినా ఒక చుక్క అద్దం మీద పడనే పడింది. కొంగుతో తుడిచి, ఇక పాప దగ్గరికి వెళ్ళండి అని దారి చెప్పడానికి, బైనాక్యులర్‌ను మళ్ళీ లోపలికి తిప్పింది.

పసుపు పడవ దొరికింది. ఇందాకటి కంటే ఇంకా దూరాన, గాలికి అడ్డం తిరిగి గిరగిరా తిరుగుతోంది. తెడ్డు పక్కనే నీళ్ళ మీద తేలుతోంది, ముందు సీటు కూడా ఖాళీ. తన వైపే వస్తున్న మోటారు పడవ వెనక్కి మళ్ళిపోవడం పాప చూసే ఉంటుంది. ఎందుకు మళ్ళిందో దానికెవరు చెబుతారు? నాన్న దగ్గరికి తెడ్డుతో చేరలేనని తెలుసుకున్న పదమూడేళ్ళ పిల్ల ఏం చేస్తుందో కన్నతల్లికి ఒకరు చెప్పాలా?

చిట్టి మీట నొక్కింది. "పాప దూకేసింది! వదినా, పాప నీళ్ళలో ఉంది!"

మాట వెళ్ళలేదు. అవతల ఆడపడుచు మీట నొక్కే ఉంచి, తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, పేరు పెట్టి పిలుస్తూ, తిడుతూ, ముద్దులాడుతూ ఏడుస్తూనే ఉంది. ఆ వేలు తీసేదాకా ఇటు నుంచి ఒక్క అక్షరం అటు పోదు. చిట్టి రేకుల మీద లేచి నిలబడింది. గొంతు చించుకుని అరిచింది. ఒడ్డు మీంచి వీచే గాలి ఆ అరుపును ఎత్తుకుని సముద్రం మీదికి బయలుదేరింది.